వంటింట్లో వెలిగిన ఎరుకదీపం

మా అమ్మాయి ఐదు ప్రశ్నలకీ సరైన జవాబు చెప్పి పరీక్ష తప్పింది.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఆ రోజుల్లో పరీక్షలు అలాగే జరిగేవి. పిల్ల తలకి తేలికపాటి టోపీ పెడతారు. దాని ముందు భాగంలో చింతగింజంత దీపం ఉంటుంది. బట్టీ పట్టింది అప్పజెబితే దీపం వెలగదు. విషయం నిజంగా బోధపడి చెబితే తెల్లగా వెలుగుతుంది. దాని పేరు ఎరుకదీపం. ఐదు ప్రశ్నల్లో మూడింటికైనా వెలిగితే పాసు. మా కుందనకి ఒక్కదానికీ వెలగలేదు.

"జవాబులన్నీ కరెక్టేనమ్మా," అన్నారు పరీక్షాధికారి ముకుందరావు గారు కాగితం మీద సంతకం పెడుతూ. "కానీ అంతా బట్టీయే. ఇంట్లో చదువు చెబుతున్నామంటారు, తీరా చూస్తే చిలక పలుకులు. తొమ్మిదేళ్ల పిల్లకి ఇదేం చదువండీ? రెండోసారి కూడా ఇంతే అయితే మా చేతుల్లో ఉండదు మరి."

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఇంట్లో చదువుకునే పిల్లలకి రెండే అవకాశాలు. రెండోది తప్పితే పద్నాలుగేళ్లు నిండేదాకా ప్రత్యేక వసతి బడిలో ఉంచాలి. మా జిల్లా వాళ్లకి అది కొండల అవతల, బస్సులో నాలుగు గంటల దారి. తల్లిదండ్రులు నెలకోసారి వెళ్లి చూసి రావచ్చు. రెండో పరీక్ష ఇరవై రోజుల్లో.

దీపం అబద్ధం చెబుతోందని అక్కడే అరుద్దామనుకున్నాను. అరవలేకపోయాను. ఎందుకంటే ఆ దీపం తయారుచేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. కుర్చీ చేతులకి పిల్లల మణికట్లు కట్టే ఆ మెత్తటి నూలు పట్టీలున్నాయే, మొట్టమొదటి జత కుట్టింది కూడా నేనే. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటే ఇదే కాబోలు.

*

నా పేరు సువర్చల. పదకొండేళ్ల కిందట విశాఖపట్నంలో డాక్టర్ కామేశ్వరి గారి ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. ఏదైనా అర్థమైన క్షణంలో మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు ఒక్కసారిగా ఒకే లయలో పడతాయని మేడమ్ కనిపెట్టారు. ఆ లయని పట్టుకునే టోపీ తయారుచేయడమే మా పని. బట్టీ చదువుల పీడ వదిలించాలని ఆవిడ తపన. నేను కూడా ఆ మాటకే పడిపోయి అందులో చేరాను.

రెండువందల పన్నెండుమంది పిల్లల మీద టోపీని పరీక్షించాం. ఒక్కటే చిక్కు. పిల్లలు చేతులు కదిపితే ఆ కండరాల అలజడి వచ్చి టోపీ గీసే మెదడు గీతల్లో కలిసేది. అందుకే పట్టీలు కుట్టాను. చేతులు కదిలితే దీపం దానంతటదే ఆరిపోయే ఏర్పాటు కూడా టోపీలో పెట్టాం. అర్థం చేసుకునే పిల్లవాడు చేతులు కట్టుకుని కుదురుగా కూర్చుంటాడని మాలో ఎవరికీ అనుమానం కూడా రాలేదు. మన బడుల్లో మొట్టమొదట నేర్పేది అ ఆలు కాదు కదా, చేతులు కట్టుకోవడం.

తర్వాత నాకు కాకినాడ రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే వీర్రాజు గారితో పెళ్లయింది. కుందన పుట్టింది. ఉద్యోగం మానేశాను. ఈలోగా మా టోపీ జిల్లా జిల్లాకీ చట్టమైపోయింది.

కుందన రెండేళ్లు బడికి వెళ్లింది. రోజూ ఒకటే ఫిర్యాదు. చేతులు కట్టుకోదు, గౌను అంచు మెలిపెడుతుంది, బల్ల గోకుతుంది. ఓ టీచరమ్మ పిల్ల చేతులు వెనక్కి కట్టించి గంటసేపు నిలబెట్టిందని తెలిసిన రోజున మా ఆయన పని మధ్యలో వదిలేసి, గ్రీజు చేతులతోనే వెళ్లి పిల్లని తీసుకొచ్చేశారు. ఆ రోజు నుంచి మా వంటిల్లే బడి, నేనే టీచరమ్మని.

పెద్ద గొప్పగా ఊహించుకోకండి. పొద్దున్న ఎక్కాలు చెబుతుంటే పప్పు మాడేది. మామిడి తాండ్ర ముక్కలు కోసి భిన్నాలు నేర్పితే, పాఠం పూర్తయ్యేసరికి పాఠాన్ని మొత్తం తినేసేది. పక్కన మా అత్తగారు సత్యవతమ్మ వ్యాఖ్యానం ఎలాగూ ఉంటుంది. ఆవిడ ముప్పై ఏళ్లు బజారులో పూలమ్మిన మనిషి. బడి మొహం చూడలేదు. ఇప్పుడు అమ్మడం మానేసినా పొద్దున్నే బుట్టెడు కనకాంబరాలు ముందేసుకుని, తడిపిన అరటినారతో దండ కడితే తప్ప ఆవిడకి తోచదు. కుందన కూడా ఆవిడ పక్కన చేరి కట్టేది. ఆ విద్య అబ్బనిది ఇంట్లో నా ఒక్కదానికే. నేను కట్టిన దండ వీధి గుమ్మం దాటేలోపు ఊడిపోతుందని మా అత్తగారు పది ఊళ్లకి చాటారు.

*

మొదటి పరీక్ష తప్పిన మర్నాడు ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత టోపీ తీశాను. మేం తొలిసారి తయారుచేసిన నమూనా అది. నేను వచ్చేస్తుంటే మేడమ్ జ్ఞాపకంగా ఇచ్చారు. చేతులు కదిలితే ఆరిపోయే ఏర్పాటు ఇంకా పెట్టని టోపీ.

ఇక చూడండి నా నిర్వాకం. పిల్లని పీట మీద కూర్చోబెట్టి టోపీ పెట్టి, "చేతులు కట్టుకో," అన్నాను. ఏ టీచరమ్మని తిట్టిపోశానో ఆవిడే నా గొంతులో దూరింది. మూడుని అరతో భాగిస్తే ఎంత? ఆరు. ఎందుకు? అరని తలకిందులు చేసి గుణించాలి కాబట్టి. దీపం వెలగలేదు. మళ్లీ చెప్పాను. మళ్లీ అడిగాను. వారం రోజులు ఇదే తంతు. పిల్ల తిండి తగ్గిపోయింది.

"అమ్మా, చేతులు ఊరుకుంటే నా బుర్ర కూడా ఊరుకుంటాదమ్మా," అంది ఒకరోజు.

"సాకులు చెప్పకు," అన్నాను.

మా ఆయన అన్నం ముందు కూర్చుని ఇదంతా చూస్తున్నారు. మామూలుగా ఆయన మాట్లాడేది తక్కువ.

"బళ్లో కూర్చోలేకపోతుందనే కదా ఇంటికి తెచ్చుకున్నాం," అన్నారు. "ఇప్పుడు ఇంటినే బడి చేసేత్తే, ఇక పిల్లని ఎక్కడికి తీసుకెళ్లాలి సువర్చలా?"

 ఏడుపొచ్చింది. పిల్లని వెళ్లి ఆడుకోమన్నాను. టోపీ తియ్యాలన్న ధ్యాస కూడా లేదు. పొయ్యి మీద పాలు పెట్టి, వాటినే చూస్తూ నిలబడ్డాను.

కుందన నాన్నమ్మ పక్కన చేరి నార అందుకుంది. నాలుగు పూలు అటు, నాలుగు ఇటు, ఒక ముడి. వేళ్లు ఆడుతున్నాయి. తనలో తనే ఏదో గొణుక్కుంటోంది.

"మూడు మూరలుంది. తలకి అర మూర. మూరకి ఇద్దరు చొప్పున... ఓహో, అందుకా ఆరు."

దీపం వెలిగింది.

గుడ్డి వెలుగు కాదు. పట్టపగలు, కిటికీ ఎండలో కూడా కనిపించేంత తెల్లటి వెలుగు. పాలు పొంగి పొయ్యంతా పాడైంది. మా అత్తగారు "పాలు, పాలు" అని కేకలేస్తున్నారు. నేను కదల్లేదు.

మొదట వచ్చిన ఆలోచన శాస్త్రవేత్త ఆలోచనే. ఇది కండరాల అలజడి అయివుంటుంది అనుకున్నాను. ఆ వెనకే, పదకొండేళ్లుగా ఎక్కడో అణిగి ఉన్న రెండో ఆలోచన పైకి వచ్చింది. 

ఆ రెండువందల పన్నెండు మందిలో పదకొండు మంది ఉండేవారు. పట్టీలు కట్టినా చేతులు గింజుకునేవారు. జవాబులు సరిగ్గానే చెప్పేవారు. దీపం మాత్రం వెలిగేది కాదు. వాళ్లవల్ల మా ఫలితాలు పాడవుతున్నాయని ఆ పదకొండు పేర్లూ పట్టికలోంచి కొట్టేసి, పక్కన "కదలిక, తొలగించడమైనది" అని రాసింది నేనే.

*

మర్నాడు పొద్దున్నే విశాఖపట్నం బస్సెక్కాను. డాక్టర్ కామేశ్వరి గారి జుట్టు పూర్తిగా నెరిసింది తప్ప చూపులో పదును తగ్గలేదు. నేను చెప్పిందంతా విన్నారు.

"అలజడిని చూసి వెలుగనుకున్నావు సువర్చలా," అన్నారు. "తల్లివి కదా. కాకిపిల్ల కాకికి ముద్దు."

"అదే నిజమైతే బాగుండును మేడమ్. నేను కొట్టేసిన పదకొండు మంది గీతలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. ఆవిడ ఏదీ పారెయ్యరు. పాత గీతలు తెర మీదికి తెచ్చి ఇద్దరం వరసగా చూశాం. ఏడో పిల్లవాడి దగ్గర ఆగాం. ఆ రోజు వాడి పట్టీ ఒకటి ఊడిపోయింది. ఊడిన నలభై సెకన్లలో వాడి చెయ్యి ఆడుతోంది. ఆ అలజడి అడుగున, వడగట్టి చూస్తే, మేం వెతుకుతున్న లయ చెక్కుచెదరకుండా ఉంది. మళ్లీ పట్టీ కట్టగానే పోయింది. పట్టీ మళ్లీ కట్టిన చేతులు నావి.

మేడమ్ తెర ఆపేశారు. కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నారు.

"మేడమ్, చిన్నప్పుడు మీది ఎన్నో బెంచీ?"

"మొదటిది. ఎందుకు?"

"నాదీ మొదటిదే. చేతులు కట్టుకుంటేనే అర్థమయ్యే పిల్లలం మనం. మనలాంటి వాళ్లకే సరిపోయే దీపం చేశాం."

ఆవిడ తన చేతుల వంక చూసుకుని, మెల్లగా విప్పి బల్ల మీద పెట్టారు.

"ఆ వసతి బళ్లలో ఇప్పుడెంతమంది పిల్లలుంటారు?" అనడిగారు.

"జిల్లాకి కొన్ని వందలు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లు కూడా. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మాత్రం పాత మేడమ్‌దే.

"రెండో పరీక్షకి నేనొస్తాను. పాత టోపీ పెట్టించే అధికారం నాకుంది. కానీ చేతులాడిస్తే ఎవరికైనా వెలుగుతుందని వాళ్లంటారు. ఏడో పిల్లవాడి గీతలు చూపిస్తే ఎవరికీ అర్థం కాదు. కళ్లకి కట్టినట్టు చూపించే జవాబు ఒకటి పట్టుకురా."

నేను ఆలోచించిన జవాబు తేలికైనదే. నేనే టోపీ పెట్టుకుని, నాకు తెలియని ప్రశ్న అడిగించుకుని పూలు కడతాను. దీపం వెలగదు. కదలిక ఒక్కటే చాలదని తేలిపోతుంది. మిగిలిన రోజులన్నీ అత్తగారి పక్కన కూర్చుని దండ కట్టడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

*

పరీక్ష రోజు మేం నలుగురం వెళ్లాం. మా అత్తగారు తడిగుడ్డలో కనకాంబరాలు, నార మూటకట్టి తెచ్చారు. కేంద్రం వరండాలో పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. అందరూ చేతులు కట్టుకునే.

ముకుందరావు గారు డాక్టర్ కామేశ్వరి గారిని చూసి గబగబా లేచి నమస్కారం పెట్టారు. పాత టోపీకి ఒప్పుకున్నారు. పట్టీలు వద్దంటే మాత్రం మొహం మాడ్చుకున్నారు. కుందన కుర్చీలో కూర్చుని ఒళ్లో పూలు పోసుకుంది.  మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు.

మొదటి ప్రశ్న. వేళ్లు ఆడాయి, ముడి పడింది, దీపం వెలిగింది. రెండోది వెలిగింది. మూడోది వెలగలేదు. నదులు, అవి పుట్టిన చోట్లు. ఆ పాఠం నేను నిజంగానే బట్టీ పట్టించాను, కాబట్టి దీపం తప్పేం లేదు. నాలుగు, ఐదు వెలిగాయి.

"ఇది చెల్లదండి," అన్నారు ముకుందరావు గారు. "చేతులాడుతున్నాయి, దీపం వెలుగుతోంది. అర్థమై వెలిగిందో, ఆడితే వెలిగిందో ఎవరు చెప్పాలి?"

నేను సిద్ధంగా ఉన్నాను. టోపీ పెట్టుకుని నార తీసుకున్నాను. రెండో ముడికే పూలన్నీ జారి నేల మీద పడ్డాయి. ఏరుకుని మళ్లీ కట్టినా, మూడోసారి కట్టినా అంతే అయింది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎందుకమ్మాయ్, నీకు చేతగాని పని," అంటూ మా అత్తగారు లేచారు. "ఆ టోపీ ఏదో ఇలా తే. పూలు కట్టాలి, అంతేగా?"

 పూలు కట్టే చెయ్యి, బడి లెక్కలు రాని మనిషి. ఇరవై రోజులుగా నా ఎదురుగానే కూర్చుని ఉంటే నాకు తట్టలేదు.

టోపీ ఆవిడ కొప్పు మీద సరిగ్గా కూర్చోలేదు. కుందన సర్ది పెట్టింది. ఆవిడ వేళ్లు మొదలెట్టాయి. చూసేవాళ్లకి వేళ్లు కనిపించవు, దండ పెరగడం మాత్రం కనిపిస్తుంది.

"అడగండి బాబూ," అన్నారు.

"మూడుని అరతో భాగిస్తే ఎంతమ్మా?" అడిగారు ముకుందరావు గారు.

"ఒకటిన్నర."

దీపం వెలగలేదు.

"కాదు. ఆరు."

"అయితే ఆరే. నాకేం పోయింది."

దీపం వెలగలేదు. దండ మూర దాటింది, మూరన్నర అయింది. వేళ్లు ఒక్క క్షణం ఆగలేదు. దీపం చీకటిగానే ఉంది. గదిలో అందరూ ఆ చీకటినే చూస్తున్నారు. మేడమ్ నా వంక చూసి చిన్నగా తలూపారు. నెగ్గాం. కదలిక ఒక్కటే దీపాన్ని వెలిగించదని గదిలో అందరికీ తెలిసిపోయింది.

అక్కడితో ఆగిపోవలసింది. కానీ మా కుందన ఊరుకోదు.

"నాన్నమ్మా, భాగించడమంటే తగ్గించడం కాదు. ఎంతమందికి వత్తాయో చూడ్డం. నీ దగ్గర మూడు మూరల దండుంది. బేరానికొచ్చిన వాళ్లకి తలా అర మూర ఇచ్చావు. ఎంతమంది తలలో పూలు పెట్టుకుంటారు?"

"ఆరుగురు. అది నాకు తెల్దేంటి?"

"అదే నాన్నమ్మా. మూడుని అరతో భాగించడమంటే అదే."

మా అత్తగారి వేళ్లు ఒక్క ముడి దగ్గర నిదానించాయి. పెదవులు కదిలాయి. మళ్లీ వేళ్లు ఆడాయి. ఆ ముడి బిగిసేసరికి ఆవిడ నుదుటి మీద దీపం భగ్గుమంది.

 ఆవిడకి దీపం కనిపించదు కదా, అందరి మొహాలూ చూసి అనుమానంగా అడిగారు.

"ఏంటలా చూత్తారు? అంతేనా లెక్కలంటే? ముప్పై ఏళ్లు బజార్లో నేను చేసింది ఇదేనా?"

"ఇదేనండి," అన్నారు డాక్టర్ కామేశ్వరి గారు. 

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు మా అత్తగారు. ఆ మాట అంటుండగా కూడా దీపం వెలుగుతూనే ఉంది. నేను ఏడ్చేశాను. మా ఆయన గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నారు.

ముకుందరావు గారు కాగితం ముందుకు లాక్కుని, "కుందన, పాసు" అని రాశారు. కలం మూత పెట్టారు. బయట వరసలోంచి తర్వాతి పిల్లవాడు లోపలికొచ్చి, అలవాటుగా మణికట్లు ముందుకి చాచాడు. బంట్రోతు పట్టీలు తీశాడు.

"వద్దు," అన్నారు ముకుందరావు గారు. "వాడి చేతులు వదిలెయ్."

*

చట్టం మారడానికి ఎనిమిది నెలలు పట్టింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో మేడమ్, నేను మా పేర్లతోనే రాసి ఇచ్చాం. పేపర్లో మమ్మల్ని బాగానే ఉతికారు. ఉతకవలసిందే. వసతి బళ్లలోని పిల్లలందరికీ చేతులు వదిలేసి మళ్లీ పరీక్ష పెట్టారు. పది మందిలో ఏడుగురికి వెలిగింది. కొండల అవతల నుంచి బస్సులు పిల్లలతో తిరిగొచ్చిన రోజున నేను బస్టాండులో నిలబడి, కిటికీల్లోంచి ఆడుతున్న ఆ చేతులన్నీ చూశాను. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. మేం రెండూ గెలిచాం.

ఆ పదకొండు మందిలో తొమ్మిదిమందిని వెతికి పట్టుకుని, వాళ్లిళ్లకి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఏడో పిల్లవాడు ఇప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు, వడ్రంగం చేస్తున్నాడు. పేరు నూకరాజు. ఆదివారాలు మా వంటింటికి వచ్చి, చెక్క చెక్కుతూ రేఖాగణితం నేర్చుకుంటాడు. పక్కన మా అత్తగారు పూలు కడుతూ శాతాలు నేర్చుకుంటారు. బేరానికొచ్చిన వాళ్లు ఇన్నాళ్లూ తనని ఎంత శాతం ముంచారో తేల్చాలట.

నిన్న పరీక్షా కేంద్రం నుంచి ఒక మూట వచ్చింది. ఇక పనికిరాని పాత పట్టీలు. తయారుచేసినవాళ్లకే పంపడం పద్ధతని ముకుందరావు గారు చీటీ రాశారు. విప్పి చూస్తే పైనే నేను కుట్టిన మొదటి జత ఉంది. నా కుట్టు నాకు తెలుసు. వాటిని ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కాల్చెయ్యాలా, దాచుకోవాలా?

ఈలోగా పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మా అత్తగారు గబగబా వచ్చి, నా చేతిలోంచి ఆ జత లాక్కుని, మడిచి, గిన్నె అంచు పట్టి దించేశారు.

"మెత్తటి గుడ్డ. చెయ్యి కాలకుండా బానే ఉంది," అన్నారు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?"